చప్పుడు చేయని డబ్బా

లిఫ్టు మెకానిక్కు పోయిన రోజున, ఇంటినిండా జనం ఉండగానే, అతని అక్క పనిముట్ల పెట్టె తెరిచింది. తమ్ముడి చేతిలో అరిగి నునుపెక్కిన రెంచీ ఒకటి గుర్తుగా దగ్గర ఉంచుకుందామనుకుంది. పెట్టె అడుగున, పాత మేజోడులో చుట్టి, తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనిపించింది. దాని మీద పేరు లేదు. లేబుల్ అనేదే లేదు. ఊపి చూసింది, చప్పుడు కాలేదు. మూత తీస్తే పైన దూది, దూది కింద పొడవాటి మాత్రలు. తలెత్తి మరదలి వైపు చూసింది. మరదలు తల దించుకుంది.

అలా తల దించుకోవడమే ఆ పిల్ల పాలిట నేరం ఒప్పుకోవడమైంది. సాయంత్రానికి డబ్బా పోలీసు స్టేషనుకు చేరింది. మర్నాటికి మరదలూ చేరింది.

"నా తమ్ముడు ఎలాగూ తిరిగి రాడు," అంది అక్క, ప్రైవేటు డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుని. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది, తీయడం మరిచిపోయినట్టుంది. "ఆ మహాతల్లి మాత్రం తప్పించుకోకూడదు. ఇన్‌స్పెక్టరు రేపు కోర్టులో హాజరు పరుస్తానంటున్నాడు. ఎవడో లాయరు వచ్చి లొసుగు పట్టుకుని విడిపిస్తే? మీరు గట్టి రుజువు తెచ్చిపెట్టండి."

డిటెక్టివ్ ఒకప్పుడు మందుల తనిఖీ శాఖలో పనిచేసినవాడు. చేయి వేయకూడని దుకాణం మీద చేయి వేసినందుకు అతణ్ణి శాఖ వదిలించుకుంది. పోలీసులు వెటకారంగా పెట్టిన 'మాత్రలాయన' అన్న పేరు మాత్రం అతణ్ణి వదల్లేదు. ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తారు, అతనూ పలుకుతాడు.

"డాక్టర్లు ఏమని రాశారు?"

"మలేరియా మెదడుకెక్కిందని రాశారు. మూడు వారాల కిందట జ్వరం వచ్చింది. రక్తం చూసి మలేరియా అన్నారు, మూడు రోజుల మాత్రలిచ్చారు. దగ్గరుండి పాలు కలిపిచ్చి నేనే మింగించాను. తగ్గింది కూడా. పనిలోకి వెళ్ళాడు. మళ్ళీ వచ్చింది. రెండు రోజుల్లో మనిషి లేడు." ఆమె బల్ల మీదకు వంగింది. "పూర్తి మందు మింగినవాడికి జ్వరం ఎందుకు తిరగబెడుతుంది? లోపల అది ఇంకేదో పెడుతోంది కాబట్టి!"

"ప్రశ్న సరైనదేనమ్మా," అన్నాడు మాత్రలాయన. "జవాబే తొందరపడి చెప్పేశారు. వాళ్ళ గది తాళం మీ దగ్గరుందా? పదండి."

*

ఆ దంపతులు ఉండేది పెద్ద భవనం డాబా మీద, లిఫ్టు మోటారు గదిని ఆనుకున్న ఒంటి గదిలో. ఎవరు పైకి వచ్చినా కిందికి పోయినా గోడ సన్నగా వణుకుతుంది. మాత్రలాయన ముందు పైకి వెళ్ళలేదు. అడుగు అంతస్తులో లిఫ్టు తలుపు తీయించి, టార్చి వేసి గుంటలోకి చూశాడు. గుంటలో మోకాలి లోతు నీళ్ళు. నీటి మీద దోమపిల్లలు తోకలాడిస్తున్నాయి.

"ఇందులోకి దిగి పనిచేసేవాడా?"

"వారానికోసారి. నీళ్ళు తోడించమని ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. ఎవరు విన్నారు?"

"జ్వరం ఎక్కడిదో తెలిసింది. ఎందుకు తిరగబెట్టిందో చూద్దాం."

గదిలో మంచం, స్టవ్వు, తలుపు వెనక ఇస్త్రీ బల్ల. మరదలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. కిటికీ గట్టు మీద ఖాళీ మలేరియా మాత్రల అట్ట ఉంది. మాత్రలాయన దాన్ని వెలుతురుకెత్తి, వెనక రేకు మీద అచ్చును బొటనవేలితో తడిమాడు. నకిలీ సరుకు అయితే ఆ అచ్చు పైపైనే ఉంటుంది, వేలికి తగలదు. ఇది తగిలింది.

"అసలు మందే. ఒక్క మాత్రా మిగల్లేదు. మీ తమ్ముడు ఒక్క పూట కూడా తప్పలేదు."

"మరి?"

అతను పనిముట్ల పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. అడుగున మాత్రలు అయిపోయిన డబ్బాలు ఇంకో మూడున్నాయి. రెండింట్లో మరలు, ఒకదాంట్లో వాషర్లు. అక్క నోరు తెరిచింది. "ఇవి నేను పట్టించుకోనే లేదే! మేకుల డబ్బాలనుకున్నా."

మాత్రలాయన మూడింటినీ నేల మీద వరసగా పెట్టాడు. మరలున్న రెండింటి మీదా లేబుల్ గోళ్ళతో గీరిన గాట్లున్నాయి. గీరగా మిగిలిన జిగురు మీద గ్రీజు పేరుకుని నల్లబడింది. ఆ నలుపులో ఒక బొటనవేలి ముద్ర అచ్చుగుద్దినట్టు నిలిచి ఉంది. అక్క ఆ ముద్ర వైపు చాలాసేపు చూసింది. తరువాత మొహం తిప్పుకుంది.

మూడోది, వాషర్లున్నది, కడిగిన అద్దంలా నున్నగా ఉంది. గాటు లేదు, జిగురు లేదు. గోరుతో గీరితే ఇలా రాదు. స్పిరిట్‌లో ముంచిన దూదితో, తీరిగ్గా, నిదానంగా తుడిస్తేనే వస్తుంది.

"ఈ రెండింటి మీద కాగితం పీకింది మీ తమ్ముడు. ఈ మూడోదాని మీద పీకింది వేరే మనిషి. మీకు దొరికిన డబ్బా ఎలా ఉంది? గరుగ్గానా, నున్నగానా?"

ఆమె వేళ్ళు గాల్లో ఆ డబ్బాను మళ్ళీ పట్టుకున్నట్టు కదిలాయి. "నున్నగా. చేతిలోంచి జారింది."

"మీ మరదలి దగ్గర స్పిరిట్ ఉందా?"

ఇద్దరూ వెతికారు. లేదు.

"అసలివి ఏం మాత్రలు? ఎందుకు దాచుకున్నాడు?"

మాత్రలాయనకు తెలుసు. మాత్రల డబ్బాకు లేబుల్ పీకి, లోపల చప్పుడు కాకుండా దూది కుక్కుకునేవాళ్ళు ఎవరో, ఏ జబ్బు వాళ్ళను అలా బతకమంటుందో, శాఖలో ఉన్న అన్నేళ్ళలో చాలాసార్లు చూశాడు. ఆ మాట చెప్పే హక్కు అతనిది కాదు.

"అది చెప్పాల్సింది నేను కాదమ్మా. స్టేషనుకు వెళ్దాం."

*

"రండి మాత్రలాయనా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కుర్చీలోంచి లేవకుండానే. "ఈసారి ఎవరి తరఫున? చచ్చినవాడి తరఫునా, చంపినదాని తరఫునా?"

"పిలిచింది చచ్చినవాడి అక్క."

"అయితే మనమిద్దరం ఒకే జట్టు. చరిత్రలో మొదటిసారి."

"జట్టు సంగతి తర్వాత. ఆ మాత్ర ఒకటి చూపించండి."

"ల్యాబుకు పంపాను. వారంలో రిపోర్టు వస్తుంది."

"అన్నీ పంపరు మీరు. రెండు మూడు సొరుగులో ఉంచుకుంటారు. పత్రికలవాళ్ళకు చూపించడానికి."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. నవ్వుతూనే సొరుగు లాగి, చిన్న పొట్లం బల్ల మీదకు విసిరాడు. "చూడండి. చూసి నేర్చుకోండి. ఆ భవనం వాచ్‌మన్ ఏం చెప్పాడో తెలుసా? రెండు నెలలుగా ఆ మెకానిక్కు పొద్దున్నే తూలుతూ దిగేవాడట. తాగిన వాసన లేదు. రాత్రిళ్ళు డాబా మీంచి కేకలు. ఎవరో గొంతు నులుముతున్నట్టు! ఆ మహాతల్లి పడుకునే ముందు ఒక మాత్ర చేతిలో పెట్టడం డాబా మీదకెళ్ళినప్పుడల్లా చూశాడట. మెల్లమెల్లగా మత్తుమందు ఎక్కించి, మనిషి నీరసపడ్డాక మలేరియా మీదకు నెట్టింది. నా కేసు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది."

మాత్రలాయన మాత్రను అరచేతిలో వేసుకుని తిప్పాడు. ఒక పక్క చెక్కిన గుర్తు కనిపించింది. ఆ గుర్తు అతనికి తెలుసు. కోపం వస్తే అతని గొంతు పెరగదు, దిగుతుంది. ఇప్పుడది దాదాపు వినపడనంతగా దిగింది.

"ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి."

"నా స్టేషన్లో నన్ను బయటికి పొమ్మంటారా?"

"టీ తాగి రండి. ఇప్పుడు వెళ్తే కోర్టులో మీ పరువు నిలబడుతుంది. వెళ్ళకపోతే ఆ ఇస్త్రీ చొక్కా మీ ఒంటి మీదే కాలుతుంది."

ఇన్‌స్పెక్టరు వెళ్ళాడు. తలుపు మాత్రం పూర్తిగా మూయలేదు. మాత్రలాయన లేచి వెళ్ళి మూశాడు.

ఆ అమ్మాయిని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. పాతికేళ్ళుంటాయి. ముంజేతి మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు. ఏడ్చి ఏడ్చి మొహం ఎండిపోయింది.

"నేనేం చెప్పను సార్," అంది అడగకముందే. "ఆయనకు మాటిచ్చాను. జైల్లో పెట్టుకోండి."

"నువ్వు ఇచ్చిన మాట నీ దగ్గరే ఉంచుకో అమ్మా. ఆ జబ్బు పేరు నేను అడగను. నిద్ర గురించి అడుగుతాను."

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తింది.

"రాత్రిళ్ళు ఎందుకు అరిచేవాడు?"

"కలలు సార్. మామూలు కలలు కావు. లిఫ్టు తాడు తెగినట్టు, లోపల మనుషులున్నట్టు. తలుపు తీయండి, తలుపు తీయండి అని గోడ పట్టుకుని గుద్దేవాడు. పొద్దున్నే కాళ్ళు తేలిపోతున్నట్టు నడిచేవాడు."

"ఎప్పటినుంచి?"

"రెండు నెలలు. అంతకుముందు చక్కగా నిద్రపోయేవాడు. గుర్రు తప్ప ఏ చప్పుడూ ఉండేది కాదు." ఆమె ముంజేతి మీది మచ్చను రుద్దుకుంది. "గుర్రు పెడుతున్నావని తిట్టేదాన్ని."

"మాత్ర మారిందా?"

"మారింది. ఇదివరకటికంటే లావుగా ఉంది, గొంతుకు అడ్డం పడుతోందనేవాడు. అడిగితే, కంపెనీ మారిందిలే, మందు అదే, అంది పిన్ని."

"పిన్ని ఎవరు?"

"కేంద్రంలో మందిచ్చే ఆవిడ. అక్కడికొచ్చేవాళ్ళందరికీ పిన్నే."

"లేబుల్ ఎవరు పీకేవారు?"

"మొదట్లో ఆయనే. ఎవరైనా అంతే సార్, లేబులుతో ఇంటికి తీసుకెళ్ళరు. గేటు పక్కన డ్రమ్ము పెట్టారు, అందులో పీకి పారేసి, దూది పెట్టుకుని బయటికొస్తారు. ఈమధ్య ఆ అవస్థ కూడా లేకుండా పిన్నే ముందుగా పీకేసి, శుభ్రంగా తుడిచి ఇస్తోంది. ఎంత మంచిదో సార్, మా కష్టం చూడలేక..."

మాత్రలాయన మాత్రను గుప్పిట్లో బిగించాడు.

"జ్వరమప్పుడు డాక్టరు అడిగాడా, ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని?"

"అడిగాడు. ఈయన ఆ ఒక్కడికీ చెప్పాడు. ఇదివరకటి మందు మానేసి రెండేళ్ళుగా కొత్త మందు మీద ఉన్నానని. కొత్తదైతే ఏ ఇబ్బందీ లేదు, మలేరియా మాత్రలు ధైర్యంగా మింగమన్నాడట." ఆమె బల్ల అంచు పట్టుకుంది. "సార్, ఆయన దాచలేదు. లోకమంతా దగ్గర దాచాడు గానీ చెప్పాల్సిన చోట చెప్పాడు. మరి ఎందుకు చచ్చిపోయాడు?"

మాత్రలాయన ఆ మాత్రను ఆమె ముందు పెట్టాడు.

"ఇది కొత్త మందు కాదు. పాతది. ఎఫావిరెంజ్ కలిసిన మాత్ర. కంపెనీ వేరు కాబట్టి మీ ఆయన గుర్తుపట్టి ఉండడు. కొత్తగానో, మానేసి మళ్ళీగానో మొదలుపెట్టిన కొందరికి ఇలాంటి కలలే తెస్తుంది, పొద్దున తల తిప్పుతుంది. అది చిన్న సంగతి. దీనికి ఇంకో గుణం ఉంది. ఇది ఒంట్లో ఉంటే కాలేయం కొన్ని మందుల్ని మామూలుకన్నా తొందరగా అరగదీసి బయటికి తోసేస్తుంది. మీ ఆయన మింగిన మలేరియా మందు వాటిలో ఒకటి. ఆ మందు కొన్నాళ్ళు ఒంట్లో నిలవాలి. మిగిలిపోయిన క్రిముల్ని చంపేది అప్పుడే. మీ ఆయన ఒంట్లో అది నిలవలేదు. క్రిములు మిగిలాయి."

"అంటే ఈ రెండు మందులు కలిస్తే..."

"అందరికీ ఇలా కాదు. చాలామందికి తగ్గిపోతుంది. కొందరికి తిరగబెడుతుంది. అందుకే పాత మందు అని తెలిస్తే డాక్టరు వేరే దారి చూస్తాడు. లేదంటే మళ్ళీ మళ్ళీ పిలిపించి రక్తం పరీక్ష చేస్తాడు. తెలియలేదు. మీ ఆయన తనకు తెలిసిన నిజం చెప్పాడు. డబ్బా అబద్ధం చెప్పింది."

తలుపు ధడాల్న తెరుచుకుంది.

"ఆ కేంద్రం, ఆ మందు... హెచ్.ఐ.వి.నా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, వరండా అంతా వినపడేలా. "ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! రెండు రోజులుగా నా టైము తగలేశావు!"

అప్పటిదాకా మూసిన తలుపుకు చెవి ఆనించే ఉన్నాడు. అతని వెనక, వరండా బెంచీ మీద కూర్చున్న అక్క, మెల్లగా లేచి నిలబడింది.

మాత్రలాయన ఇన్‌స్పెక్టరు దగ్గరికి నడిచాడు. మొహంలో మొహం పెట్టి చెప్పాడు. "ఆ పిల్ల జైలుకు పోవడానికి సిద్ధపడి దాచిన మాటను మీరు ఒక్క కేకలో వరండాలో పారబోశారు. నేరం ఎవరు చేశారో తేలుస్తాను. ఇది మాత్రం మీరు చేసింది."

"నాకు నీతులు చెప్పకండి."

"చెప్పడం లేదు. గుర్తు పెట్టుకోమంటున్నాను."

అక్క లోపలికి వచ్చింది. మరదలి ఎదురుగా ఆగింది. "ఎన్నాళ్ళుగా?"

"పెళ్ళికి ముందునుంచే వదినా. నాకు చెప్పే చేసుకున్నాడు."

"నీకూ ఉందా?"

"లేదు. ఆయన ఒక్క రాత్రి కూడా మాత్ర మానలేదు. అందుకే నాకు రాలేదు."

"నాకెందుకు చెప్పలేదు? ఎత్తుకు పెంచినదాన్ని. నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మీ ఇంట్లో తనకు గ్లాసు వేరే పెడతావని భయపడ్డాడు."

అక్క కాదనబోయింది. నోరు తెరిచింది కూడా. మెడలోని టేపును వేలికి చుట్టుకుని, విప్పింది.

"పెట్టేదాన్నేమో," అంది చివరికి. తరువాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. దీన్ని ఇంటికి పంపండి."

"ఫిర్యాదంటే చీర కాదమ్మా, వద్దనుకుంటే మడిచి బీరువాలో పెట్టుకోడానికి."

"అయితే ఇది వినండి," అన్నాడు మాత్రలాయన. "ఈరోజు ఆ కేంద్రంలో మందిచ్చే రోజు. లైను ఉంటుంది. ఆ లైనులో ఉన్న ప్రతి ఇంట్లో ఇదే డబ్బా ఉంది. వానలు పడ్డాయి, ఊరంతా జ్వరాలు. వాళ్ళలో ఎవరు మలేరియా మాత్రలు మింగుతున్నారో మనకు తెలియదు. ముందు వాళ్ళకు చెప్పాలి. తర్వాతే అరెస్టులు. సాయంత్రందాకా ఆగండి. జీపు వద్దు, యూనిఫారం వద్దు. పోలీసుల్ని చూస్తే ఆ మనుషులు మళ్ళీ దొరకరు."

ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకున్నాడు. "పిన్ని అన్నారు కదూ? సరే. సాయంత్రందాకా. మాటిస్తున్నాను. అంతవరకు ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది."

*

కేంద్రం పాత ఆసుపత్రి వెనకభాగంలో ఉంది. ముందు గేటు పక్కన నీలం డ్రమ్ము. మాత్రలాయన తొంగిచూశాడు. అడుగున ఆకులు తప్ప ఏమీ లేదు. ఇదివరకు లేబుళ్ళతో నిండే డ్రమ్ము అది. ఇప్పుడు పీకడానికి ఎవరి దగ్గరా లేబుల్ లేదు.

పెరట్లో రేకుల షెడ్డు కింద ముప్పై మందిదాకా కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒకరి మాట ఒకరు వింటూ. తనూ వస్తానని పట్టుబట్టి వెంట వచ్చిన అక్క ఆ బెంచీ చివర కూర్చుంది. మాత్రలాయన లోపలికి వెళ్ళాడు.

గదిలో బల్ల వెనక యాభై దాటిన ఆవిడ, కళ్ళజోడు ముక్కు మీదకు జార్చుకుని, స్పిరిట్‌లో తడిపిన దూదితో ఒక డబ్బాను నిదానంగా తుడుస్తోంది. పక్కన తుడవాల్సినవి బుట్టెడున్నాయి.

"కూర్చో నాయనా. కొత్తా? భయపడకు. ఇక్కడ పేరూ ఊరూ అడగం. నిన్ను ఏమని పిలవాలో చెప్పు, చాలు."

"మాత్రలాయన అంటారు," అని అతను జేబులోంచి నున్నటి డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇది మీరు తుడిచిందే."

దూది పట్టుకున్న చెయ్యి ఆగింది.

"కొత్త మందు ఏమైంది పిన్నీ?"

ఆమె తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "రెండు నెలలుగా రావడం లేదు. పైనుంచి వస్తోంది, స్టోరుదాకా వస్తోంది, నా కళ్ళతో చూశాను. స్టోరు తలుపు దాటి నా బల్ల మీదకు రావడం లేదు. పెద్దాయన్ని అడిగాను, ఈ కేంద్రం పెద్ద డాక్టర్ని. పాత సరుకు మిగిలింది కదా, అదే సర్దు, లేబుల్ తీసెయ్, గొడవుండదు అన్నాడు."

"మీరు సర్దారు."

"సర్దక?" ఆమె కళ్ళు మండాయి. "ఉత్తచేతులతో పంపనా? మందు ఆగితే జబ్బు పైకి లేస్తుంది, నీకు తెలీదా? పాతదీ మందే. ఒకప్పుడు అందరికీ ఈ చేత్తో అదే ఇచ్చాను. దాంతోనే బతికారు."

"అప్పుడు చెప్పి ఇచ్చారు. జ్వరమొస్తే ఏ డాక్టరుకైనా మందు పేరు చెప్పుకోగలిగేవారు. ఇప్పుడు చెప్పకుండా ఇచ్చారు."

"చెబితే హడలిపోతారు నాయనా! మందు దొరకడం లేదని తెలిస్తే సగం మంది రావడమే మానేస్తారు. వీళ్ళను ఒక్కొక్కళ్ళను బతిమాలి, గడ్డం పట్టుకుని..."

"ఒక లిఫ్టు మెకానిక్కు ఉండేవాడు."

"పైకీ-కిందికీ," అంది మెల్లగా. "అలా పిలవమన్నాడు, మొదటిరోజున. అదేం పేరురా అంటే, నా బతుకంతే పిన్నీ అని నవ్వాడు. వాడికేమైంది?"

"మలేరియా వచ్చింది. పూర్తి మందు మింగాడు. మీరిచ్చిన మాత్ర ఆ మందును నిలవనివ్వలేదు. పోయాడు."

పిన్ని కళ్ళజోడు తీసింది. తుడుచుకోవడానికి చేతిలో ఉన్నది స్పిరిట్ దూదే. కళ్ళ దగ్గరకు తీసుకెళ్ళి, ఘాటు తగిలి, దించేసింది. మాత్రలాయన ఓదార్చలేదు. ఓదార్చాలని అనిపించలేదు.

"బయట కూర్చున్నవాళ్ళు కాక ఇంకెంతమంది? ఎక్కడుంటారు?"

"తెలీదు."

"ఏమిటి తెలీదు?"

"ఇక్కడ అడగం నాయనా! పేరడిగితే రారు, ఇల్లడిగితే అసలే రారు. అందుకే పిలుపుపేర్లు చాలనే పద్ధతి పెట్టాం." ఆమె ముందున్న డబ్బాను దూరంగా జరిపింది. "నేనే పెట్టాను."

"లేవండి. బయటికొచ్చి మీ నోటితో చెప్పండి. నేను చెబితే నమ్మరు. మాత్ర మారింది, భయపడి ఎవరూ మానేయొద్దు, జ్వరమొస్తే మాత్రం డాక్టరుకు ఎఫావిరెంజ్ అని పేరు పెట్టి చెప్పండి. ఇప్పటికే మలేరియా మందు మింగుతున్నవాళ్ళు ఉంటే ముందుకు రమ్మనండి."

ఆమె బల్ల పట్టుకుని లేచింది. ఇద్దరూ గడప దాటారు. అక్క ఎదురొచ్చి మాత్రలాయన చెయ్యి పట్టుకుంది.

"ఆ చివర శాలువా కప్పుకున్న అబ్బాయిని చూడండి. ఇంత ఉక్కలో వణుకుతున్నాడు. ఏమైంది బాబూ అంటే, మలేరియా అన్నారు, నిన్ననే మాత్రలు మొదలుపెట్టాను అంటున్నాడు. అట్ట చూపించాడు. మా తమ్ముడు మింగిన అట్టే."

పిన్ని గొంతు సవరించుకుంది. "ఇలా వినండమ్మా, మీ అందరికీ ఒక మాట..."

గేటు బయట సైరన్ మోగింది.

ఎవరూ అరవలేదు. అరిచే అలవాటు ఆ మనుషులకు లేదు. ఒక్కసారిగా లేచారు. బెంచీలు తిరగబడ్డాయి. జీపు గేట్లో అడ్డంగా ఆగేసరికి ముందువాళ్ళు వెనక గోడ ఎక్కుతున్నారు. "ఆగండి! మీకోసం కాదు!" అని మాత్రలాయన పరుగెత్తాడు. గోడ దిగుతున్న ఒకడి చొక్కా అతని చేతికి చిక్కి, చిరిగి, జారిపోయింది. పరుగెత్తే మనుషుల సంచుల్లో ఎక్కడా మాత్రల చప్పుడు లేదు.

ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. వెనక కెమెరాలతో ఇద్దరు దిగారు.

"సాయంత్రం అన్నారు," అన్నాడు మాత్రలాయన.

"అన్నాను. పై నుంచి ఫోనొచ్చింది. ఈ కేంద్రం పెద్ద డాక్టరే చేశాడు. మా పిన్ని మందులు మారుస్తోంది, రుజువులు మాయం చేయకముందే పట్టుకోండి అని. పదమ్మా."

పిన్ని చేతులు చాచింది. ఎదురు చెప్పలేదు.

మాత్రలాయన ఇన్‌స్పెక్టరు దారికి అడ్డంగా నిలబడ్డాడు. "పిన్ని సంగతి మీ స్టేషన్లో మనకు తెలిసి గంట కాలేదు. గదిలో ఉన్నది నేను, ఆ అమ్మాయి, తర్వాత అక్కగారు. తలుపు అవతల మీరు. పెద్దాయనకు ఎవరు చెప్పారు?"

ఇన్‌స్పెక్టరు కెమెరాల వైపు చూశాడు. టోపీ సర్దుకున్నాడు.

"కేసు తేలింది కదా మాత్రలాయనా. ఇంక మీరు ఇంటికెళ్ళండి."

జీపు పిన్నిని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆసుపత్రి ముందువైపు స్టోరు తలుపుకు, ఇందాక వచ్చేటప్పుడు లేని కొత్త తాళం వేలాడుతోంది.

అక్క వెనక గోడ అవతలినుంచి చుట్టూ తిరిగి వచ్చింది. వగరుస్తోంది. చేతిలో మట్టికొట్టుకున్న శాలువా ఉంది.

"సందు చివరిదాకా పరుగెత్తాను. పిలుద్దామంటే పేరు తెలీదు. బాబూ, బాబూ అని అరిచాను. ఎంతమంది బాబులు వెనక్కి తిరిగి చూశారో! వాడు మాత్రం లేడు."

మాత్రలాయన శాలువా అందుకున్నాడు. అది ఇంకా వేడిగా ఉంది.

ఆ అబ్బాయి దగ్గర మలేరియా మాత్రలు ఇంకా రెండు రోజులకు సరిపడా ఉన్నాయి. పడుకునే ముందు మింగడానికి పేరులేని డబ్బా ఉంది. అతను ఎక్కడుంటాడో తెలిసినవాళ్ళు లేరు. అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.